తమ్ముని కండ్లకు పుట్టపాలు

మొన్న నాగుల పంచమి నాడు పొద్దున, గద్వాల దాటాక వచ్చే మిల్లు స్టాపులో మా డ్రైవరు ఎవరూ చెయ్యెత్తకుండానే బస్సు ఆపాడు. దిగేవాళ్లు లేరు. నేను బెల్లు కొట్టలేదు. ఆయన అద్దంలోంచి నా వైపు చూశాడు, నేను తలుపు వైపు చూశాను. ఎవరూ ఎక్కలేదు. మూతపడ్డ మిల్లు గోడ పక్కన మేకలు కాసుకుంటున్న ఒకాయన లేచి దగ్గరికొచ్చాడు.

"ఆ ముసలమ్మ కోసమా? ఎండకాలంలనే పాయె గదమ్మా. నిద్రలనే పోయింది. అదృష్టవంతురాలు."

మా దగ్గర ఎవరు పోయినా అదృష్టవంతులే. బతికున్నన్నాళ్లు ఆ మాట ఒక్కరూ అనరు. నేను రైట్ చెప్పాను, బస్సు కదిలింది.

నేను కండక్టర్ని. గద్వాల నుంచి వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్ పోయి, అక్కణ్నుంచి అచ్చంపేటకు ఒక ట్రిప్పు వేసి, సాయంత్రం అదే దారిన వెనక్కి రావడం నా డ్యూటీ. పండుగలంటే నాకు గిట్టదని మా ఇంట్లో అంటారు. గిట్టకపోవడం కాదు, ఒళ్లు హూనమైపోవడం. ఊరంతా పుట్టింటికి పోయే రోజునే నాకు సెలవుండదు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయిన దగ్గర్నుంచి పండుగనాడు కాలు మోపే సందు కూడా ఉండదు. నాకూ ఆత్మకూరులో ఒక అన్న ఉన్నాడు. పంచమి నాడు ఫోన్ చేసి, "నీ కండ్లు కడుగుతున్న అనుకో" అంటాను. వాడు నవ్వుతాడు. మా పండుగ అంతటితో సరి.

మా పాలమూరు వైపు నాగుల పంచమి పుట్టలో పాలు పోయడంతో అయిపోదు. పోయగా మిగిలిన పాలు చెంబులో తెచ్చి, అక్కాచెల్లెళ్లు అన్నదమ్ముల కళ్లు కడుగుతారు. పువ్వును పాలలో ముంచి రెప్పల మీద అద్దుతారు. అన్నదమ్ములే అక్క ఇంటికో చెల్లె ఇంటికో వచ్చి కూర్చుంటారు, కడిగించుకుంటారు, తింటారు, చీరో రవికెగుడ్డో పెట్టి పోతారు. ఆ మిల్లు స్టాపు ముసలామె తమ్ముడు రాడు. అందుకని ఆమే పోయేది, చెంబు పట్టుకొని, గద్వాల పక్క ఊరి నుంచి నాగర్‌కర్నూల్ దాకా, నా బస్సులో, ఏటేటా.

బస్సు ఎక్కడం ఒక తతంగం. ముందు చెంబు ఎక్కాలి. మోదుగాకు మూతపెట్టి పసుపు దారంతో బిగించి కట్టిన ఇత్తడి చెంబు. దాన్ని ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. ఒక చేత్తో దాన్ని ఎత్తిపట్టుకొని ఇంకో చేత్తో కడ్డీ పట్టుకొని, "ఓ నాగన్నా, ఓ నాగన్నా" అనుకుంటూ ఒక్కొక్క మెట్టూ ఎక్కేది. మొహానికి పసుపు, చెవి తమ్మెలకు తడారని పుట్టమన్ను. తలుపు వెనక సీటే కావాలి. అందులో ఎవరైనా కూర్చొని ఉంటే ఎదురుగా నిలబడి వాళ్ల వైపు అలా చూస్తూ ఉండేది. అంతే, వాళ్లే లేచేవాళ్లు.

"కార్డు సూపియ్యి పెద్దమ్మా," అనేదాన్ని.

"పోయినేడు సూపిస్తి గదనే. అప్పటికీ ఇప్పటికీ నా మొకం మారిందా?"

"మారలే. అయినా సూపియ్యాలె. నాకు పైనోళ్లున్నరు."

"నీ పైనోళ్లకు నేను దొంగ లెక్క కనపడుతున్ననా?" అని సణుక్కుంటూ రొండిన దోపుకున్న సంచిలోంచి ఆధార్ కార్డు తీసేది. ఫోటోలో ఇంతకన్నా కోపంగా ఉండేది. నవ్వొచ్చేది నాకు. పండుగనాడు నాకు నవ్వొచ్చేది ఆ ఒక్కసారే.

కూర్చున్నాక డ్రైవరు మీద పడేది. "ఓ డ్రైవరయ్యా, ఇయ్యాల జర నిమ్మలంగ తోలు. పండుగ ఆల్లది. రోడ్డు మనదే అనుకోకు." పాములు ఆ రోజు పుట్టలు మారుతూ తిరుగుతుంటాయట, పాలు ఎవరు పోశారో చూసుకుంటాయట. మా డ్రైవరుకు ఎప్పుడూ టైము గోల. "అట్లయితే ఆల్లకు గూడ ఆడోళ్ల లెక్క జీరో టికెట్టు కొట్టరాదూ," అని నా మీద విసుక్కునేవాడు. ఒక ఏడు ఎర్రవల్లి చౌరస్తా దాటి కృష్ణ బ్రిడ్జి వైపు పోతుంటే నిజంగానే జెర్రిపోతొకటి రోడ్డుకు అడ్డం వచ్చింది. ఆయన బ్రేకు తొక్కితే బస్సంతా ముందుకు తూలింది. ఒకావిడ నెత్తి కడ్డీకి తగిలి తిట్టడం మొదలుపెట్టింది. చెంబులోంచి చుక్క కూడా ఒలకలేదు. పాము నిదానంగా, ఎవరికీ జవాబు చెప్పాల్సిన పని లేనట్టు దాటిపోయింది. "పోనిచ్చినవు గద, నీ పిల్లలు సల్లగుంటరు," అంది ఆమె. ఆ తర్వాతి పంచముల్లో ఎవరూ చెప్పకుండానే ఆయన నిమ్మళంగా తోలేవాడు. అడిగితే ఒప్పుకోడు, రోడ్డు బాగాలేదంటాడు.

పెబ్బేరులో కీరకాయలమ్మేవాడు ఎక్కేవాడు. కాయ కోసి ఉప్పూకారం చల్లి అమ్మడం వాడి బేరం. వాడి కత్తి కనపడితే చాలు.

"ఓ కొడకా, కత్తి లోపల పెట్టు. ఇయ్యాల కొయ్యొద్దు, దున్నొద్దు, పొయ్యి మీద పెనం పెట్టొద్దు. ఎవ్వరు సెప్పలేదా నీకు?"

"మరి ఎట్ల అమ్మాలె అవ్వా?"

"కొయ్యకుండ అమ్ము. జనాలకు పండ్లు లేవా కొరుక్కోనీకి?"

పండ్లున్నా లేకున్నా ఆ రోజు బస్సులో అందరూ కీరకాయలు కొరుక్కునే తినేవాళ్లు. ఆమె నోట్లో ఎన్ని పండ్లు మిగిలాయో మాకెవరికీ అడిగే ధైర్యం లేదు. పెనం నాగన్న పడగ లాంటిదట, దాన్ని నిప్పు మీద పెడితే పడగ కాలుతుందట. అందుకే వాళ్ల ఊళ్లో రొట్టెలన్నీ ముందునాడే కాల్చి పెట్టుకుంటారు. పంచమినాడు అన్నీ ఉడకబెట్టినవే.

పెబ్బేరు నుంచి వనపర్తి దాకా కథ. ఏటా అదే కథ, ఒక్క మాట మారేది కాదు. వినేవాళ్లు మారేవాళ్లు, అంతే. "ఒక రైతు పంచమినాడు నాగలి కట్టిండు. కర్రు పోయి పుట్టకు తాకింది. పాముపిల్లలు సచ్చినయి. తల్లిపాము వచ్చి సూసుకున్నది. రైతును కరిసింది, పెండ్లాన్ని కరిసింది, కొడుకులను కరిసింది, అయినా పగ తీరలే. ఆడివిల్ల ఒకతి మిగిలింది, పక్కూరికి ఇచ్చిండ్రు. ఆమెను గూడ కరుస్తనని పోయింది. పోయేసరికి ఆ పిల్ల పుట్ట కాడ కూసోని పాలు పోస్తుంది. అయినోళ్లందరు సచ్చిండ్రని ఆమెకు తెల్వదు. పాము పాలు తాగింది, పగ సల్లారింది. ఏం గావాలె బిడ్డా అన్నది. నా అన్నదమ్ములు సల్లగుండాలె, గంతే అన్నది. అందరు నిద్రల కెల్లి లేసినట్టు లేసి కూసున్నరు."

ఇక్కడ ఆగి, వినేవాళ్ల మొహాల్లోకి చూసి, ఆఖరి మాట అనేది. "సూసిండ్రా. ఆడివిల్ల పక్కూర్ల ఉండి పాలు పోస్తేనే లేసిండ్రు. ఇంట్ల ఉన్నోళ్లు ఏం జెయ్యలే."

ఇదంతా కథ అని మనం అనుకుంటాం. ఆమెకు కథ కాదు. తమ్ముడికి చిన్నప్పుడు తట్టు పోసి ఒక కన్ను పోయింది. తెల్లగా పువ్వు వేసింది. ఆ ఏడే పంచమికి ఈమె మొదటిసారి వాడి కళ్లు కడిగిందట. రెండో కన్ను మిగిలింది. నాగన్న మిగిల్చాడని ఆమె నమ్మకం, తన చేత్తో కడిగితేనే అది ఉంటుందని ఇంకా గట్టి నమ్మకం. వాడి పెళ్లయి నాగర్‌కర్నూల్‌లో మేస్త్రీ పనిలో స్థిరపడ్డాక కూడా చాన్నాళ్లు వచ్చి కడిగించుకునే పోయాడట. ఆ తర్వాత రావడం మానేశాడు. ఎందుకు మానేశాడో ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఒక ఏడు నాగర్‌కర్నూల్ ఆవిడే ఒకావిడ బస్సులో కలిసి, ఊరికే ఉండలేక అందరి ముందూ అనేసింది.

"ఆయన ప్రార్థనలకు పోతడు గద. ఇంటామెకు పానం బాగలేనప్పుడు పోయి మొక్కుకున్నరంట, మంచిగయిందంట. ఇప్పుడు పుట్టపాలు ఎట్ల ముట్టుకుంటడు?"

ముసలామె చెంబును ఒళ్లో సర్దుకుంది.

"దేవుణ్ని మార్చుకుండు. అక్కను మార్చుకుంటడా?" అంది.



వనపర్తి బస్టాండులో చాయ్ తాగేటప్పుడు ఒక గ్లాసు ఆమెకు కూడా ఇవ్వబోయేదాన్ని. వద్దనేది. తమ్ముని కళ్లు కడిగాకే నోట్లో ఏదైనా. అది ఆమె ఒక్కపొద్దు. తను ముట్టకపోయినా నాకు మాత్రం నువ్వుల ముద్దలు, ఉడికించిన శెనగలు కాగితంలో కట్టి తెచ్చేది. "నువ్వు తిను బిడ్డా, నిలవడి నిలవడి సావవడ్తవు," అనేది. నాగర్‌కర్నూల్‌లో దిగి, కొంగు నెత్తిమీదికి లాక్కుని, ఎవరో ఎదురుచూస్తున్నట్టు గబగబా నడిచిపోయేది.

సాయంత్రం తిరుగు బస్సుకు మళ్లీ అదే తలుపు, అదే సీటు.

"కడిగినవా పెద్దమ్మా?"

"కడగకుంటెట్ల. కడిగిన. మంచం ఏసి కూసోవెట్టిండు. కుడుములు ఉడకవెట్టిచ్చిండు, పప్పు, అన్నం. ఇంకింత ఏసుకో అక్కా, ఇంకింత ఏసుకో అక్కా అని ఒక్కటే పోరు. పెనం పెట్టొద్దని ఆనికి ఇంకా యాదికున్నది సూడు."

పక్కనున్నవాళ్లు తమ్ముడంటే అట్లుండాలె అనేవాళ్లు. ఆమె తల ఊపేది. నేనూ నమ్మాను, మొదట్లో. నమ్మకుండా ఉండటానికి నాకేం పని? తర్వాత ఒక సాయంత్రం గోపాల్‌పేట దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద బస్సు ఎగిరిపడింది. మోదుగాకు జారి చెంబులోని పాలు నా చెప్పుల మీద పడ్డాయి. నిండు చెంబు. పొద్దుటి నుంచి ఉక్కపోతలో ఉండి విరిగిన పాలు, పుల్లటి వాసన. ఆమె కంగారుగా కొంగుతో నా పాదాలు తుడవబోయింది. నేను కాళ్లు వెనక్కి లాక్కున్నాను.

"ఇవి వేరే పాలు బిడ్డా," అంది నా మొహం చూడకుండా. "ఆని బర్రె ఈనింది. ఇంటికి తీస్కపో అక్కా అని చెంబు నింపి ఇచ్చిండు."

"మంచిగయింది పెద్దమ్మా," అన్నాను.

అంతకన్నా ఏమనాలి? కళ్లు కడగలేదు. కడగలేదంటే తినలేదు. నా టిఫిన్ డబ్బాలో పులిహోర మిగిలి ఉంది, మూత తీసి ముందు పెట్టాను. ఆమె కడుపులోంచి వచ్చిన చప్పుడు నాకు ఇంజను మోతలో కూడా వినబడింది. "కడుపుల సందు లేదు బిడ్డా, అంత తినిపిచ్చిండు," అని డబ్బా మూత ఆమే పెట్టేసింది. ఆ తర్వాత ఏటా సాయంత్రం నేను అడగడం మానలేదు. అడగకపోతే ఆమె చెప్పుకోవడానికి ఉండదు. ఆమె ఏటా ఏదో ఒక కూర కలిపేది. ఒక ఏడు చింతచిగురు పప్పన్నది, ఒక ఏడు పాయసమన్నది. అబద్ధం ఆడేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. రోజూ చూస్తాను బస్సులో, టికెట్టు తీసుకున్నానని కళ్లలో కళ్లు పెట్టి చెప్పేవాళ్లను. ఈమె మీద మాత్రం కోపం వచ్చేది కాదు. కోపమంతా ఆ తమ్ముడి మీద వచ్చేది. ఒక్క పువ్వు, రెండు చుక్కల పాలు. కళ్లు మూసుకొని కూర్చుంటే అయిపోయేదానికి ఎంత బెట్టు!

పోయినేడు ఎక్కినప్పుడే ఆమె పని అయిపోయినట్టు కనిపించింది. మెట్టు మీద కాలు పెట్టి, మళ్లీ దింపి, ఊపిరి పీల్చుకుని ఎక్కింది. కథ చెప్పలేదు. కీరకాయలవాడిని ఏమీ అనలేదు. వాడే కత్తి సంచిలో పెట్టుకున్నాడు. వనపర్తి దాటాక నన్ను పిలిచి పక్కన కూర్చోమంది.

"ఆ మిగిలిన కన్ను గూడ మసకైతుందంట బిడ్డా. దవాఖానకు పోతుండంట. ఈ ఏడన్న మంచిగ కడగాలె."

ఈ ఏడన్నా. తనేం అన్నదో ఆమె గమనించలేదు. నేను గమనించాను, తల ఊపాను.

ఆ సాయంత్రం బస్సులో జనం తక్కువ. నేను వెనక నుంచి లెక్క చూసుకుంటూ వస్తున్నాను. ఆమె నన్ను చూడలేదు. చెంబు మూత విప్పి, వాడిపోయిన పువ్వొకటి పాలలో ముంచి, తన కళ్లకే అద్దుకుంటోంది. ఒక రెప్ప, ఇంకో రెప్ప, నిదానంగా, పసిపిల్లవాడికి అద్దినట్టు. పెదాలు కదులుతున్నాయి. నా అడుగుల చప్పుడుకు ఉలిక్కిపడి పువ్వు దాచుకుంది.

"దుమ్ము వడ్డది," అంది. మళ్లీ తనే, "ఒక్క కడుపుల పుట్టినోళ్లం గదా బిడ్డా, ఆనికి తాకుతదా?" అంది.

"తాకుతది పెద్దమ్మా," అన్నాను. నాకేం తెలుసు? అయినా తాకుతుందనే చెప్పాను. అదే ఆమెను ఆఖరిసారి చూడటం.

మొన్న పొద్దున మేకలాయన చెప్పిన మాట మోసుకుంటూ నాగర్‌కర్నూల్ పోయాను, అచ్చంపేట పోయాను, మళ్లీ నాగర్‌కర్నూల్ వచ్చాను. కాళ్లు లాగేస్తున్నాయి. సాయంత్రం బస్టాండులో బస్సు కదిలే ముందు ఒక ముసలాయన ఎక్కాడు. తెల్ల చొక్కా, చేతిలో ఏమీ లేదు. లావు అద్దాల వెనక ఒక కన్ను తెల్లగా పువ్వు వేసి ఉంది.

"గద్వాలకు ఇవతల మిల్లు కాడ ఆపుతరా తల్లీ?"

"ఆపుతం," అన్నాను. నా గొంతు కటువుగానే ఉండి ఉంటుంది. టికెట్టు కొట్టి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని పట్టుకొని నా వైపే చూస్తున్నాడు.

"మా అక్క ఈ బస్సులనే వస్తుండె. సెంబు వట్టుకోని. మీకు యాదికున్నదా?"

"ఉన్నది."

"నన్ను తిడుతుండెనా?"

అన్నేళ్ల నుంచి ఈ మనిషి దొరికితే కడిగిపారేయాలని దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి నా దగ్గర. ఆయన గొంతు విన్నాక ఒక్కటీ రాలేదు.

"ఒక్కనాడు తిట్టలే పెద్దయ్యా. కడుపునిండ అన్నం పెట్టినవని చెప్పేది."

ఆయన పక్క సీటు కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు.

"నేను తలుపే తీయలే తల్లీ," అన్నాడు. "మా ఇంటామె పానం కోసం మాట ఇచ్చిన, ఇగ అవన్ని ముట్టనని. తీస్తే అక్క మొకం సూసి కడగనీకి కండ్లిస్తనని నాకు తెల్సు. అందుకే తీయలే. ఆమె బయట అరుగు మీద కూసునేది, బస్సు టైమయ్యేదాక. నేను లోపల కూసునేటోణ్ని. ఆమె దగ్గుతే నాకు ఇనపడేది, నేను దగ్గుతే ఆమెకు ఇనపడేది. మా ఇంటామె నీళ్లియ్యబోతే గూడ వద్దన్నదంట. పోయిందని మాకు తెలిసేసరికి మన్ను గూడ అయిపోయింది. ఇయ్యాల పొద్దటి సంది తలుపు తెరిసే పెట్టిన. ఉండవట్టలే. ఎక్కిన."

అక్కడికి పోయి ఏం చేస్తాడో ఆయనకూ తెలియదు, నేనూ అడగలేదు. బస్సు ఊరు దాటింది. పక్క పొలాల్లో ఎవరూ నాగలి కట్టలేదు, ట్రాక్టర్లు కూడా నిలిపే ఉన్నాయి. ఆమె తన కళ్లు తనే కడుక్కున్న సంగతి నా నోటిదాకా వచ్చింది. ఆ వయసులో ఆయన నెత్తిన అది కూడా పెట్టబుద్ధి కాలేదు.

"ఏం పెట్టిన్నంట నేను?" అన్నాడు కాసేపటికి.

"కుడుములు. ఉడకవెట్టిచ్చినవంట."

"ఇంకా?"

"పప్పు, అన్నం. ఒక ఏడు చింతచిగురు పప్పు. ఒకపారి పాయసం. ఇంకింత ఏసుకో అక్కా అని పోరు పెట్టేటోడివంట."

"ఇంకా?"

"మీ బర్రె ఈనిందని చెంబు నింపి పాలిచ్చినవంట."

"మాకు బర్రె యాడిది," అన్నాడు. టికెట్టును మడిచి మడిచి వేలి సందున పెట్టుకున్నాడు. నేను ముందు సీట్ల వైపు కదలబోతుంటే నా చెయ్యి పట్టుకొని ఆపాడు.

"మా అక్క ఆకలైతే ఆగకపోతుండె తల్లీ," అన్నాడు. "సిన్నప్పటి సంది గంతే. అన్నం జర ఆలస్యమైతే ఏడ్సేది."